బ్యాండ్‌సాపై ఎనిమిది మూలల చట్రం: గేజ్ 22.5 చూపిస్తున్నా చివరి మూల కలవడం లేదు

పాలకొల్లు_మందిరాలు

నాది పాలకొల్లు దగ్గర చిన్న వడ్రంగి షెడ్డు. పూజా మందిరాలు, తలుపు రెక్కలు, కిటికీలు చేస్తాను. షెడ్డులో 14 అంగుళాల చక్రాల బ్యాండ్‌సా (రెండు చక్రాల మీద పట్టీలాగా తిరిగే బ్లేడున్న రంపపు మిషను) ఒకటి, చిత్రిక మిషను ఒకటి ఉన్నాయి, మిగిలినవన్నీ చేతి పనిముట్లే. కోణాలు కోయడానికి ప్రత్యేకమైన మైటర్ సా లేదు.

ఇప్పుడు చేస్తున్న మందిరానికి గోపురం ఎనిమిది మూలల చట్రం మీద నిలబడాలి. టేకు ముక్కలు 75 మి.మీ. వెడల్పు, 25 మి.మీ. మందం. చట్రం బయటి కొలత ఎదురెదురు భుజాల మధ్య 600 మి.మీ., కాబట్టి ఒక్కొక్క ముక్క బయటి అంచు పొడవు 248.5 మి.మీ. రెండు కొసలనూ 22.5 డిగ్రీల దగ్గర కోయాలి. మైటర్ గేజ్ (బల్ల గాడిలో జారుతూ చెక్కను కావలసిన కోణంలో నిలిపే ఆనింపు) ముల్లును సరిగ్గా 22.5 గీత మీద బిగించి, పదహారు కోతలూ ఒకే అమరికలో కోశాను. నేల మీద పేర్చి ఏడు మూలలను గట్టిగా కలిపితే ఎనిమిదో మూల దగ్గర బయటి వైపు 23 మి.మీ., లోపలి వైపు 17 మి.మీ. ఖాళీ మిగిలింది. ఆ ఖాళీని నొక్కి మూస్తే మిగిలిన మూలలన్నీ బయటి వైపు నోరు తెరుస్తున్నాయి.

ఇంకొక లోపం కూడా కనిపించింది. రెండు ముక్కల కోత ముఖాలను ఎదురెదురుగా ఆనించి వెలుతురుకు పట్టి చూస్తే పొట్ట ఉబ్బినట్టు వంపు ఉంది. ఇంకొక్క చట్రానికి సరిపడా టేకు మాత్రమే మిగిలింది, గృహప్రవేశానికి మూడు వారాలే గడువు. ఆ చెక్కను ముట్టుకునే ముందు తప్పు గేజ్‌లో ఉందో, బ్లేడులో ఉందో, నా చేతిలో ఉందో తెలుసుకోవాలని ఉంది.

మూలమట్టం

మీరు రెండు కొలతలు ఇవ్వడం చాలా మంచిదైంది, ఎందుకంటే సమాధానంలో సగం వాటిలోనే ఉంది. మీ చట్రం కేంద్రం నుంచి బయటి మూలకు దూరం సుమారు 325 మి.మీ., లోపలి మూలకు సుమారు 243 మి.మీ. అవుతుంది. 23ను 325తో భాగించినా, 17ను 243తో భాగించినా దాదాపు ఒకే విలువ, 0.07 వస్తుంది. అది నాలుగు డిగ్రీల కోణం. అంటే మీ ఖాళీ సరిగ్గా కేంద్రం నుంచి చీలిన ముక్క ఆకారంలో ఉంది. ముక్కల పొడవుల్లో తేడా వచ్చి ఉంటే ఖాళీ రెండు ముఖాలూ సమాంతరంగా ఉండేవి. కాబట్టి మీ పొడవులు బాగానే ఉన్నాయి, కోణమే తక్కువైంది.

నాలుగు డిగ్రీలను పదహారు కోతలకు పంచితే ఒక్కో కోతకు పావు డిగ్రీ. మీరు 22.5 అనుకుని 22.25 కోశారు. మైటర్ గేజ్ ముల్లు, దాని కింద గీత మందం చూస్తే పావు డిగ్రీని కంటితో పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. నలుచదరపు చట్రానికి ఎనిమిది కోతలే కాబట్టి ఇదే తప్పు అక్కడ రెండు డిగ్రీలతో పోయేది, బిగింపులో కొంత దాగేది. ఎనిమిది మూలల దగ్గర దాక్కునే చోటు లేదు.

పొట్ట ఉబ్బడం మాత్రం వేరే రోగం. ఈ రెండింటినీ కలిపి చూడకండి.

లంక_కుర్రాడు

ఇంత లెక్క అవసరమా అనిపిస్తోంది. కోణాల పని ఎక్కువగా ఉన్నప్పుడు మైటర్ సా ఒకటి కొనుక్కోవడమే మేలు. బ్యాండ్‌సా వంపులు కోయడానికీ, దూలాలు చీల్చడానికీ పుట్టిన యంత్రం. దానితో కోణాలు కోయాలనుకోవడం నాకు సమంజసంగా తోచడం లేదు.

అమలాపురం_చిత్రిక

నలభై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. లంక_కుర్రాడు చెప్పినదానితో నేను ఏకీభవించను. మైటర్ సాలోనూ ముల్లు, గీతలే ఉంటాయి. అక్కడా పావు డిగ్రీ తప్పవచ్చు, తప్పినప్పుడు మరింత వేగంగా పదహారు కోతలూ పాడవుతాయి.

అయితే నా పద్ధతి వేరు. బ్యాండ్‌సా కోత ముఖాన్ని నేను ఎప్పుడూ జిగురు పూసే ముఖంగా వాడను. గీతకు ఒక మిల్లీమీటరు బయట కోసి, కోణానికి తగ్గట్టు చేసుకున్న ఆనింపు పలక మీద ముక్కను పెట్టి, పదునైన చిత్రికతో గీత వరకు తీస్తాను. చిత్రిక పట్టిన ముఖం మీద జిగురు పట్టినట్టు రంపం ముఖం మీద పట్టదు. యంత్రం ముతక పని చేయాలి, చివరి పని చెయ్యి చేయాలి.

గౌతమి_తీరం

పెద్దవారు చెప్పినది ఆఖరి ముఖానికి సరే, కానీ యంత్రం కోత పొట్ట ఉబ్బి వస్తూ ఉంటే ఒక మిల్లీమీటరు మిగులు చాలదు. కొన్ని ముక్కల్లో ఆ వంపు గీతను దాటి లోపలికి వెళ్లిపోతుంది. ముందు యంత్రాన్ని దారికి తెచ్చుకోవాలి.

పాలకొల్లు_మందిరాలు గారూ, మూడు విషయాలు చెప్పండి. కోసేటప్పుడు పై గైడు, అంటే బ్లేడు పక్కకు పోకుండా పట్టి ఉంచే భాగం, చెక్కకు ఎంత ఎత్తులో ఉంది? బ్లేడు వెడల్పు ఎంత, అంగుళానికి ఎన్ని పళ్లు? ఆ బ్లేడుతో దీనికి ముందు ఏమి కోశారు?

పాలకొల్లు_మందిరాలు

మూలమట్టం గారి లెక్క చదివి మళ్లీ కొలిచాను, ఆ ఖాళీ నిజంగానే చీలిక ఆకారంలో ఉంది. పొడవుల మీద అనుమానంతో రెండు రోజులు వృథా చేశాను.

గౌతమి_తీరం గారూ, పై గైడు చెక్కకు సుమారు నాలుగు అంగుళాల ఎత్తులో ఉంది. ముందు రోజు కోసిన దూలానికి పైకి లేపి, తర్వాత దించలేదు. బ్లేడు అర అంగుళం, అంగుళానికి నాలుగు పళ్లు. ముందు వారం దానితోనే పక్క తోటవారికి పాక వేయడానికి కొబ్బరి మానులు చీల్చి ఇచ్చాను.

అంబాజీపేట_కొబ్బరి

మీ పొట్ట ఉబ్బడానికి కారణం ఆ చివరి వాక్యంలో ఉంది. నేను కొబ్బరి చెక్కతోనే పని చేస్తాను కాబట్టి ఇది అనుభవంతో చెబుతున్నాను.

కొబ్బరి మాను అంచు వైపు ఎంత గట్టిగా ఉంటుందో, నడుమ అంత మెత్తగా ఉంటుంది. టేకులాగా చేవ లోపల, తెల్ల చెక్క బయట ఉండదు, అమరిక తలకిందులుగా ఉంటుంది. బ్లేడు గట్టి అంచు నుంచి మెత్తని నడుముకు దిగేటప్పుడు మెత్తగా ఉన్న వైపుకు వాలుతుంది. దీనికి తోడు ఈ చెక్కలో సిలికా ఉంటుంది, అది ఇసుకలాగా పళ్లను అరగదీస్తుంది. మామూలు ఉక్కు పళ్లు ఎంత త్వరగా మొద్దుబారతాయో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అందుకే నేను కొబ్బరికి కార్బైడ్ మొనల బ్లేడు విడిగా ఉంచుకున్నాను, దాన్ని వేరే చెక్కకు ఎక్కించను.

ఇంకొక ప్రమాదం కూడా ఉంది. మీ పళ్లు రెండు వైపులా సమానంగా అరిగి ఉండవు. ఒక వైపు ఎక్కువ మొద్దుబారిన బ్లేడు రెండో వైపుకు, అంటే పదును మిగిలిన వైపుకు లాగుతుంది. మీరు గేజ్‌ను ఎంత సరిగ్గా బిగించినా బ్లేడు తన దారిన తాను పోతుంది. మొద్దు బ్లేడుకు చెక్కను బలంగా నెడతాం, నెట్టినప్పుడు బ్లేడు నడుము వంగుతుంది, ఆ వంపు మీ కోత ముఖం మీద పొట్టగా కనిపిస్తుంది.

గౌతమి_తీరం

నేను చెప్పబోయింది అంబాజీపేట వారే చెప్పారు. దానికి గైడు ఎత్తు కూడా కలిసింది. పై గైడుకూ బల్లకూ మధ్య బ్లేడు ఎంత పొడవు ఏ ఆధారమూ లేకుండా ఉంటే, అంత ఎక్కువగా వంగుతుంది. 25 మి.మీ. చెక్క కోసేటప్పుడు గైడును చెక్కకు పావు అంగుళం ఎత్తు వరకు దించాలి. నాలుగు అంగుళాల దగ్గర వదిలేయడం అంటే బ్లేడును వదులు తాడులాగా వాడడమే.

కొత్త బ్లేడు ఎక్కించాక ఈ వరుసలో చూడండి. ముందు రెండు గైడులనూ, వెనక బేరింగునూ బ్లేడుకు దూరంగా జరపండి. బ్లేడును బిగించి, పై చక్రాన్ని చేత్తో తిప్పుతూ బ్లేడు రబ్బరు పట్టీ నడుమ నడిచేలా సరిచేయండి. ఆ తర్వాత పక్క గైడులను పళ్ల గాడికి కొంచెం వెనకగా, బ్లేడుకు రెండు వైపులా ఒక కాగితం పట్టేంత ఖాళీతో నిలపండి. ముందుకు జరిపితే పళ్ల వాలు పాడవుతుంది. వెనక బేరింగు ఖాళీగా తిరిగేటప్పుడు బ్లేడును తాకకూడదు, కోత మొదలైనప్పుడు మాత్రమే ఆనాలి. బల్ల కింది గైడులను కూడా ఇదే విధంగా సరిచేయాలి. చాలామంది పైవాటిని చూసి కిందివాటిని మరచిపోతారు.

తణుకు_ఇనుము

నాది ఇనుప పని, రొయ్యల చెరువుల ఏరియేటర్లకు చట్రాలూ, గేట్లూ చేస్తాను. నా బ్యాండ్‌సా అడ్డంగా పడుకుని పై నుంచి దిగే రకం. అయినా గౌతమి_తీరం గారు చెప్పిన మాట మా దగ్గర కూడా అక్షరాలా నిజం.

45 డిగ్రీలకు పైపులు కోస్తే పైన సరిగ్గా ఉండి కింద రెండు మిల్లీమీటర్లు పక్కకు పోయేవి. వైసు కోణాన్ని ఎన్నిసార్లు సరిచేశానో లెక్క లేదు. చివరకు చూస్తే, వెడల్పు దిమ్మ కోయడానికి జరిపిన గైడు చేతులను మళ్లీ దగ్గరకు తీసుకురాలేదు. చేతులను పైపుకు ఆనుకునేంత దగ్గరకు జరిపాను, కిందికి దిగే బరువు తగ్గించాను, రెండు మిల్లీమీటర్లూ మాయమయ్యాయి.

ఏటవాలుగా కోసేటప్పుడు ఇంకొక మాట గుర్తుంచుకోవాలి. 50 మి.మీ. వెడల్పు పైపును 45 డిగ్రీల దగ్గర కోస్తే బ్లేడు దాటవలసిన దూరం 70 మి.మీ. దాటుతుంది. నేరు కోతకు సరిపోయిన వేగం, బరువు ఏటవాలు కోతకు ఎక్కువవుతాయి. తొందరపడితే తేడా ముందు కోణంలోనే కనిపిస్తుంది.

మూలమట్టం

ఇప్పుడు పావు డిగ్రీ సంగతి. గేజ్ మీద గీతలను నమ్మడం మానేయండి. పెద్ద త్రిభుజం గీసి దాన్ని నమ్మండి.

సమతలంగా ఉన్న ప్లైవుడ్ మీద ఒక సరళ రేఖ గీసి దాని మీద 500 మి.మీ. కొలవండి. ఒక కొస నుంచి మూలమట్టంతో లంబం లేపి 207 మి.మీ. దగ్గర గుర్తు పెట్టండి. ఆ గుర్తునూ రెండో కొసనూ కలిపితే వచ్చే రేఖ మొదటి రేఖతో 22.5 డిగ్రీలు చేస్తుంది. కొలతలో ఒక మిల్లీమీటరు తప్పినా కోణంలో తేడా డిగ్రీలో పదో వంతు మాత్రమే. గేజ్ మీద ముల్లును సరిచేసుకోవడం కంటే ఇది ఎన్నో రెట్లు మేలు. 45 డిగ్రీలకు రెండు భుజాలూ సమానం, 30 డిగ్రీలకు 500కు 288.7.

ఆ గీతను ఆధారంగా పెట్టుకుని జారుడు పలక చేయండి. బల్ల గాడిలో వదులు లేకుండా జారే కర్ర పట్టీని ప్లైవుడ్ కింద బిగించి, పలకను ఒకసారి బ్లేడులోకి నడిపితే బ్లేడు నిజంగా నడిచే దారి పలక మీద గాడిగా పడుతుంది. ఆ గాడి నుంచి కొలిచి 22.5 దగ్గర ఆనింపు కర్ర బిగించాలి. గాడి బల్ల అంచుకు సమాంతరంగా ఉందా లేదా అన్నది ఇక మీకు అనవసరం. బ్లేడు కాస్త పక్కకు లాగే స్వభావం ఉన్నదైనా, ఆ లాగుడు కూడా కొలతలోకి వచ్చేస్తుంది.

గౌతమి_తీరం

ఆఖరి వాక్యంతో కొంత విభేదిస్తాను. బ్లేడు లాగే దిశ, పలక జారే దిశ వేరువేరుగా ఉంటే బ్లేడు కోత పొడవునా పక్కకు నెట్టబడుతూ ఉంటుంది. సన్న పలకలో అది తెలియదు, 25 మి.మీ. టేకులో తెలుస్తుంది. ముందు బ్లేడు దారిని చూడాలి.

పరీక్ష సులభం. అంచుకు సమాంతరంగా గీత గీసిన చెక్కను ఏ ఆనింపూ లేకుండా చేత్తో గీత వెంట ఒక అడుగు దూరం కోసి ఆపండి. యంత్రాన్ని ఆపి, చెక్కను కదపకుండా దాని అంచు వెంట బల్ల మీద పెన్సిలుతో గీయండి. ఆ గీత గాడికి సమాంతరంగా లేకపోతే బల్ల కింది బోల్టులు వదులు చేసి, బల్లను గీతకు తగ్గట్టు కొంచెం తిప్పి బిగించండి. కొన్ని యంత్రాల్లో బ్లేడును పై చక్రం మీద కాస్త ముందుకో వెనక్కో నడిపినా ఈ తేడా పోతుంది.

మూలమట్టం

ఒప్పుకుంటాను. ముందు బల్ల, తర్వాత జారుడు పలక. ఆ వరుసే సరైనది.

రాజోలు_కిటికీ

నాకు ఒకసారి ఇలాగే కోత లయబద్ధంగా అల వచ్చినట్టు వచ్చింది. సమాన దూరాల్లో చిన్న చిన్న గీతలు. గైడులు, బేరింగులు అన్నీ మార్చాక కూడా పోలేదు. యంత్రం ఆపి చక్రాన్ని చేత్తో తిప్పుతూ వెనక బేరింగు దగ్గర చూస్తే, చుట్టుకు ఒకసారి బ్లేడు వెనక్కి తన్నుతోంది. అతుకు దగ్గర రెండు కొసలూ వెన్ను కలవకుండా వెల్డ్ చేసి ఉన్నాయి. అతుకు వెన్నును సాన రాయితో నున్నగా రుద్దాక తన్నడం తగ్గింది, అయినా ఆ బ్లేడును కోణం కోతలకు మళ్లీ వాడలేదు.

ఈ యంత్రానికి అతుకు మొదటి నుంచీ బలహీనమైన చోటే. పంతొమ్మిదో శతాబ్దం మొదటి దశాబ్దంలో ఇంగ్లండులో విలియం న్యూబెర్రీ బ్యాండ్‌సాకు పేటెంటు పొందినా, తెగకుండా నిలిచే అతుకు వేయడం తెలియక అది చాలా కాలం పనికిరాకుండా ఉండిపోయింది. 1846లో ఫ్రాన్సులో ఆన్ పోలీన్ క్రెపాఁ అనే మహిళ అతుకు పద్ధతికి పేటెంటు కోసం దరఖాస్తు చేశాకే దానికి దారి దొరికింది. కొత్త బ్లేడు కొన్నప్పుడు పదును కంటే ముందు నేను వేలితో అతుకునే తడిమి చూస్తాను.

లంక_కుర్రాడు

ఇంతవరకు చదివాక నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. ఒక సందేహం. గేజ్‌కు ఆనించి ఏటవాలుగా కోసేటప్పుడు ముక్క పక్కకు జారుతుంది కదా, దాన్ని చేత్తో ఎంత గట్టిగా పట్టుకున్నా కోత ముగిసేసరికి అర నూలు (అంగుళంలో పదహారో వంతు) జరిగి ఉంటోంది. అది కూడా కోణాన్ని మార్చదా?

అమలాపురం_చిత్రిక

మంచి ప్రశ్న. జరిగినంత మేర పొడవు మారుతుంది, కోత నడుమ జరిగితే ముఖం వంకర కూడా పోతుంది. ఆనింపు కర్ర ముఖానికి గరుకు కాగితం అంటించండి, చెక్క జారదు. కొసకు అడ్డుకట్టగా చిన్న దిమ్మ బిగిస్తే ఎనిమిది ముక్కలూ ఒకే పొడవులో వస్తాయి. అయితే దిమ్మ కింది మూలను కొద్దిగా చెక్కి ఉంచండి, లేకపోతే అక్కడ రంపపు పొట్టు చేరి పొడవు మారుతుంది. ముక్కను చేత్తో కాక క్లాంపుతో పట్టించండి. చిన్న ముక్కల దగ్గర వేళ్లు బ్లేడుకు ఎంత దగ్గరగా వెళతాయో మనకు అలవాటు మీద తెలియదు. మా షెడ్డులో ఒక కుర్రవాడి చూపుడు వేలి కొస అలాగే పోయింది.

వశిష్ఠ_గట్టు

బల్ల మీద తుప్పు పడితే పలక జారదు, పలక ఆగి ఆగి జారితే కోత కూడా ఆగి ఆగి వస్తుంది. మా నరసాపురం వైపు ఉప్పుగాలికి పోత ఇనుము బల్ల వారం రోజుల్లో ఎర్రబడుతుంది. నేను కొబ్బరినూనె రాస్తాను.

అమలాపురం_చిత్రిక

దయచేసి నూనె రాయవద్దు. నూనె టేకుకు అంటితే ఆ చోట జిగురూ పట్టదు, పాలిషూ పట్టదు, పైగా పొట్టు అంతా అతుక్కుంటుంది. సన్న ఎమెరీ కాగితంతో తుప్పు తీసి, కొవ్వొత్తి మైనాన్ని బల్ల మీద రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. తుప్పూ రాదు, పలకా నున్నగా జారుతుంది.

వశిష్ఠ_గట్టు

నా మందిరం తలుపు మీద పాలిష్ మచ్చలకు కారణం ఇప్పుడు తెలిసింది. ఈ రోజే మైనానికి మారుతున్నాను.

తాళ్లరేవు_పడవ

మాది పడవలు కట్టే కుటుంబం. పడవ పక్కటెముకల వాలు పొడవునా మారుతూ ఉంటుంది, ఒక చోట పది డిగ్రీలు, ఒక బార దూరం పోయాక అయిదు. అందుకే మేము బ్యాండ్‌సా మీద ఎక్కువ వాలు వైపు మిగులు పెట్టి కోసి, తర్వాత బాడిసతో గీతకు చెక్కుతాం. ఈ చర్చలో పెద్దాయన చెప్పిన మిగులు పద్ధతిని మేము తరతరాలుగా పాటిస్తున్నాం.

పాలకొల్లు వారికి మాత్రం ఒక మాట. ఒకే కోణం పదహారు సార్లు కావలసిన చోట జారుడు పలకే సరైనది. మాలాగా ప్రతి ముక్కకూ కోణం మారే చోట చెయ్యి తప్పదు. ఏ పనికి ఏది అన్నది ఆ పనే చెబుతుంది.

ఆచంట_పొడి_చెక్క

ఇంకొక విషయం ఎవరూ ప్రస్తావించలేదు. కోణం ఎంత సరిగ్గా కోసినా చెక్క పచ్చిగా ఉంటే ఎండాకాలానికి మూలలు లోపలి వైపు విడిపోతాయి. చెక్క వెడల్పులో కుంచించుకుపోతుంది, పొడవులో దాదాపు మారదు. వెడల్పు తగ్గితే కోత కోణం మారి బయటి మొనలు తగులుతూ లోపలి మూలలు తెరుచుకుంటాయి. వానాకాలంలో పొడి చెక్క తేమ పీల్చి ఉబ్బితే దీనికి వ్యతిరేకంగా బయటి వైపు తెరుచుకుంటాయి. గృహప్రవేశం జరిగే ఇంట్లో ఏసీ గది ఉంటే, మందిరం అక్కడ పెట్టే పక్షంలో, ముక్కలను కనీసం రెండు వారాలు ఆరనిచ్చి కోయడం మంచిది.

పాలకొల్లు_మందిరాలు

వారం రోజుల తర్వాత రాస్తున్నాను. అందరి మాటలూ వరుసగా పాటించాను, ఏ దశలో ఏమి కనిపించిందో చెబుతాను.

కొబ్బరి కోసిన బ్లేడు తీసి వెలుతురులో చూశాను. ఒక వైపు పళ్ల మొనలు తెల్లగా మెరుస్తూ గుండ్రంగా ఉన్నాయి, రెండో వైపు మొనలు ఇంకా నల్లగా, గట్టిగా ఉన్నాయి. గోటి మీద పెడితే మెరిసే పళ్లు జారిపోతున్నాయి, నల్లని పళ్లు పట్టుకుంటున్నాయి. అర అంగుళం వెడల్పు, అంగుళానికి ఆరు పళ్లున్న కొత్త బ్లేడు ఎక్కించాను. పై చక్రం రబ్బరు పట్టీ మీద పొట్టు గట్టిపడి దిమ్మలుగా ఉంది, దాన్ని గీకి తీశాను. గైడును చెక్కకు పావు అంగుళం మీద నిలిపాను. దీంతోనే పొట్ట ఉబ్బడం పోయింది. రెండు కోత ముఖాలను ఆనించి వెలుతురుకు పట్టితే మధ్యలో వెలుగు రాలేదు.

బ్లేడు దారి పరీక్షలో గీత గాడికి ఒక అడుగులో మూడు మిల్లీమీటర్లు పక్కకు వచ్చింది. అంటే అర డిగ్రీ పైమాటే. బల్ల బోల్టులు వదులు చేసి తిప్పి, రెండుసార్లు మళ్లీ కోసి చూశాక సమాంతరమైంది. ఆ తర్వాత జారుడు పలక చేసి, 500కు 207 గీతతో ఆనింపు కర్ర బిగించి, గరుకు కాగితం అంటించాను.

టేకు ముట్టుకోలేదు. వేప చెక్క ముక్కలు ఎనిమిది కోసి పేర్చాను. ఎనిమిదో మూల దగ్గర ఖాళీ బయట 2 మి.మీ., లోపల ఒకటిన్నర ఉంది. ఎక్కడ తప్పిందో తెలియడం లేదు.

మూలమట్టం

2ను 325తో భాగించి పదహారుకు పంచితే ఒక్కో కోతకు డిగ్రీలో యాభయ్యో వంతు కంటే కొంచెం ఎక్కువ వస్తుంది. మీ జారుడు పలకను అభినందించాలి. ఆనింపు కర్రకు ఒక కొస వెనక పలుచని కాగితం దూర్చితే అదీ పోతుంది, కానీ అక్కడి దాకా వెళ్లనవసరం లేదు.

చట్రాన్ని రెండు సగాలుగా అంటించండి. నాలుగు ముక్కలు ఒక సగం, నాలుగు ముక్కలు ఇంకొక సగం. జిగురు ఆరాక ప్రతి సగానికీ రెండు కొసల ముఖాలు ఒకే సరళ రేఖలో ఉండాలి. పొడవైన స్కేలు ఆనించి చూసి, ఏ కొద్దిపాటి తేడా ఉన్నా ఆ రెండు ముఖాలనూ కలిపి చిత్రిక పట్టండి. అప్పుడు రెండు సగాలు ఒకదానికొకటి అతికినట్టు కూర్చుంటాయి.

అమలాపురం_చిత్రిక

చివరకు చిత్రిక దగ్గరకే వచ్చారు. నాకు సంతోషంగా ఉంది.

పాలకొల్లు_మందిరాలు

టేకు చట్రం నిన్న రాత్రి అంటించాను. రెండు సగాల ముఖాలకూ చిత్రిక మూడు తోపులకు మించి పట్టలేదు. ఈ ఉదయం ఎనిమిది మూలల్లోనూ పోస్టుకార్డు ముక్కను దూర్చడానికి ప్రయత్నించాను, ఎక్కడా దూరలేదు. మూల ముక్కల మధ్య టేకు రేఖలు ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు తిరిగిన తీరు చూస్తూ కాసేపు అలాగే నిలబడ్డాను.

ఇప్పుడు దీని మీద రెండో అంతస్తు ఉంది. దాని ఎనిమిది పక్కలూ నిటారుగా కాక నేలకు 60 డిగ్రీల వాలులో లోపలికి వంగాలి. గేజ్ ఒక్కటే తిప్పితే సరిపోదు, బల్లను కూడా వంచాలని తెలుసు. ఏది ఎంత?

మూలమట్టం

60 డిగ్రీల వాలుకు ఎనిమిది పక్కలంటే బల్ల వంపు 19.4 డిగ్రీలు, అడ్డ కోత కోణం 11.7 డిగ్రీలు. రెండో దాన్ని జారుడు పలక మీద 500కు 103.5గా గీసుకోండి. బల్ల వంపును కూడా బల్ల కింది ముల్లుతో కాక బ్లేడుకు ఆనించిన బెవెల్ గేజ్‌తో (కోణాన్ని పట్టి బిగించుకునే మడత మట్టంతో) చూడండి. ముక్క రెండో కొసకు బల్లను మళ్లీ కదపవద్దు. అదే ముఖం పైకి ఉంచి ముక్కను కొస మార్చి తిప్పి, ఆనింపు కర్రను ఎదురు వైపుకు అదే కోణంలో బిగించండి. రెండు పలకలు విడిగా చేసుకుంటే ఇంకా మంచిది.

గౌతమి_తీరం

బల్ల వంచాక విద్యుత్తు ఆపి ఉంచి, చక్రాన్ని ఒక చుట్టు చేత్తో తిప్పి చూడండి. బల్ల నడిమి గాడి బిళ్ల బ్లేడుకు తగలవచ్చు. పలక కింది వైపుకు జారకుండా గాడిలోని కర్ర పట్టీ బిగుతును కూడా మళ్లీ చూసుకోండి. ఈసారి కూడా ముందు వేప చెక్కే కోయండి.